పూజ అలమరకి నేను పెట్టిన టిక్కు

మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో కంటికి కనిపించని శత్రువు ఉన్నాడు. ఊపిరి కోసం పోరాడిన పెద్దావిడ ఉంది. తొమ్మిదో అంతస్తు ఉంది. చేత ఆయుధం పట్టి ఒంటరిగా నిలబడ్డ యువకుడు ఉన్నాడు.

ఇక నిజం. శత్రువు బూజు. ఆయుధం గోడలో తేమ కొలిచే మీటర్, దాని బ్యాటరీ సగం రోజులు పనిచేసేది కాదు. తొమ్మిదో అంతస్తుకి లిఫ్టులో వెళ్ళాం. యువకుణ్ణి నేనే, గొడవంతా వచ్చింది కూడా నావల్లే. ఇలా మొదలుపెట్టకపోతే గోడల గురించి ఎవరూ చదవరని కాస్త పెంచి చెప్పాను.

ఆ ఉద్యోగం నుంచి నేను ఇరవై ఎనిమిదో ఏట రిటైరయ్యాను. రిటైర్మెంట్ అన్నది మా టీమ్ లీడ్ మాట. రాజీనామా అంటే మిగతావాళ్ళకి లేనిపోని ఆలోచనలు వస్తాయని, శాలువా కప్పి మరీ రిటైర్ చేశాడు. ఇప్పుడు ఏసీ గదిలో కూర్చుని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతున్నాను. కొత్తగా చేరిన పిల్లల కోసం అనుభవాలు రాసివ్వమని పాత ఆఫీసువాళ్ళు అడిగారు. విజయాలు రాద్దామని కూర్చుంటే అరపేజీకే అయిపోయాయి. తప్పుల దగ్గర మాత్రం కలం ఆగలేదు. వాటిల్లోంచి ఒకటి.

మాది మాదాపూర్‌లో చిన్న ఆఫీసు. మణికొండ, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో గోడల వెనక దాగిన చెమ్మనీ, దాన్ని పట్టుకుని పెరిగే బూజునీ కనిపెట్టడం మా పని. నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. మా బ్యాచ్‌లో అందరూ కంప్యూటర్ల వైపు పోగా, నిజంగా గోడని ముట్టుకున్న సివిల్ ఇంజనీర్‌ని నేనొక్కణ్ణే. ఇళ్ళల్లో బూజు కనిపెట్టే ఉద్యోగం వచ్చిందని కడపకి ఫోన్ చేసి చెబితే మా అమ్మ, "పొరక వాళ్ళే ఇస్తారా నాయనా, మనమే తీసుకపోవల్లా?" అంది.

అమ్మ అనుకున్నది సాలెగూళ్ళ బూజు. ఇది నిలవ రొట్టె మీద పట్టేలాంటిది. చెమ్మ తగిలిన ప్లైవుడ్ మీద, సున్నం కింద, నల్లగానో ఆకుపచ్చగానో పుడుతుంది. గాలిలోకి పొడి వదులుతుంది. కొందరికి ఏమీ కాదు, కొందరికి దగ్గు, ఆయాసం. కనిపించే బూజుకి మేం అక్కర్లేదు. కనిపించనిదాంతోనే తంటా. పైగా మనవాళ్ళకి దాన్ని దాచడంలో మంచి నైపుణ్యం ఉంది. అద్దెకున్నవాళ్ళు మారినప్పుడల్లా ఓనర్ పైపైన రంగు కొట్టిస్తాడు. మరకొచ్చినచోట ప్లాస్టిక్ ప్యానెల్ బిగిస్తారు. మేం వస్తున్నామని తెలిస్తే చాలు, చుట్టాలొస్తున్నట్టు ఇల్లంతా ఫినాయిల్‌తో తుడిచి, గోడలు కడిగి, అగరొత్తి వెలిగించి కూర్చుంటారు. దొంగ కోసం వెళ్తే ఇల్లు పెళ్ళిపందిరిలా ఉంటుంది.

ఇలాంటి ఇళ్ళల్లో ఎలా వెతకాలో నాకు నేర్పింది మా సీనియర్. బోరబండ మనిషి. ఇరవై ఏళ్ళు మేస్త్రీ పని చేసి మా దగ్గర చేరాడు. గదిలోకి రాగానే ఫ్యాన్ ఆపించి, తలుపు వేసి, నడిమధ్యన కళ్ళు మూసుకుని నిలబడేవాడు. మొదటివారం ప్రార్థన చేసుకుంటున్నాడేమోనని నేను కూడా తల వంచుకుని నిలబడ్డాను. తర్వాత తెలిసింది, వాసన చూస్తున్నాడని. నేను తిన్నగా మీటర్ తీస్తే మాత్రం ఆయనకి గిట్టేది కాదు.

"ఏంది తమ్మీ, మిషన్ దొరికిందని ముక్కు ఇంట్ల పెట్టొచ్చినవా?"

ఆ రోజు ముక్కుతో పాటు సీనియర్ కూడా నా వెంట లేడు. అక్క కూతురి పెళ్ళని సెలవు పెట్టాడు. నేను ఒంటరిగా చేసిన మొదటి కేసుల్లో అదొకటి. శుక్రవారం మధ్యాహ్నం. మణికొండలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. కొడుకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్, కోడలు ఇంకో కంపెనీలో. కొడుకు తల్లి భీమవరం వైపు నుంచి వచ్చి వాళ్ళతోనే ఉంటోంది. ఆవిడకి ఎనిమిది నెలలుగా దగ్గు. ఒక్కోసారి ఆయాసంతో మాట మధ్యలో ఆగిపోతుంది. ఇంట్లో చెమ్మ ఉందేమో చూడమని నన్ను పిలిచారు. తలుపు తీసింది ఆవిడే.

"చెప్పులు అక్కడ విడవండి బాబూ. ఎండన పడొచ్చారు. భోంచేశారా?"

"చేశానండి."

"ఏం తిన్నారు?"

"బిర్యానీ అండి."

"కోడిదా?"

వెజ్ బిర్యానీ అనేది ఒకటుంది కాబట్టి అబద్ధం చెప్పొచ్చు. కానీ నా చొక్కా ఒప్పుకునేలా లేదు. అవునన్నాను.

"అయితే ఇల్లంతా చూసుకోండి. దేవుడి అలమర మాత్రం ముట్టుకోకండి నాన్నా, ఏమీ అనుకోకండేం."

అనుకోలేదు. హాలు చివర గోడకి బిగించిన ప్లైవుడ్ అలమర అది. తలుపులకి చిన్న గంటలు, లోపల పటాలు, పటాల వెనక ఎర్ర వెల్వెట్ గుడ్డ. మిగతా ఇల్లంతా శ్రద్ధగా చూశాను. బాత్‌రూముల వెనక, సింక్ కింద, బీరువాల వెనక, బాల్కనీ మూలల్లో. అన్నీ పొడిగా ఉన్నాయి. చివరికి ట్యాబ్లెట్‌లో ఫారం నింపాలి. ఒక్కో చోటికి రెండే గళ్ళు. తడి ఉంది, తడి లేదు. ఏదో ఒకదానికి టిక్కు పెట్టకపోతే ఫారం ముందుకి కదలదు. పూజ అలమర దగ్గర రెండు నిమిషాలు ఆగాను. ఆవిడని మళ్ళీ అడగడానికి మొహమాటం. అటూ ఇటూ గోడ పొడిగానే ఉంది కదా, మధ్యలో దీనికేం వచ్చిందనుకుని 'లేదు' మీద టిక్కు పెట్టాను. సాయంత్రానికల్లా మా ఆఫీసు ముద్రతో రిపోర్టు వెళ్ళింది. ఇంట్లో ఎక్కడా దాగిన చెమ్మ లేదని.

రెండు నెలల తర్వాత కొడుకు ఫోన్ చేశాడు.

"మీ రిపోర్టు ఇంకో కాపీ పంపగలరా అండి? డాక్టర్ గారు ఫైల్లో పెట్టుకుంటారట."

"ఏ డాక్టర్ గారండి?"

"ఊపిరితిత్తుల స్పెషలిస్టు. ఇంట్లో చెమ్మ ఉందా, బూజు వాసనేమైనా వస్తుందా అని ఫస్ట్ ఆయన అడిగింది అదే. మీ రిపోర్టు చూపించాను. అయితే అది కాదులే అని వదిలేశారు. అగరొత్తుల పొగ అయ్యుంటుందని నెలన్నరగా అవీ మాన్పించాం. అమ్మ దీపం ఒక్కటే పెట్టుకుంటోంది. అయినా తగ్గట్లేదు. ఇప్పుడు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడదామంటున్నారు. అమ్మకి షుగర్ ఉంది, అదే కొంచెం భయంగా ఉంది." ఫోన్ పెట్టేసేముందు, "ఏదేమైనా మీ రిపోర్టు చాలా ఉపయోగపడింది. థాంక్స్ అండి" అన్నాడు.

ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరి తిట్టూ ఆ థాంక్స్ అంత గట్టిగా తగల్లేదు.

అడగకుండానే ఒక ఎక్సెల్ షీటు కూడా పంపాడు. అమ్మ రోజుకి ఏ గంటలో ఎంత దగ్గిందో అందులో రంగుల్లో ఉంది. ఎక్కువైతే ఎరుపు, తక్కువైతే పసుపు, లేకపోతే తెలుపు. దగ్గుకి డాష్‌బోర్డ్ పెట్టిన మనిషిని నేను చూడటం అదే మొదలు. దాన్ని ప్రింటు తీసుకుని, ఆఫీసు కింద చాయ్ బండి దగ్గర మా సీనియర్‌కి చూపించాను. ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"గీ నడుమ పన్నెండు రోజులు తెల్లగున్నయేంది తమ్మీ?"

"విజయవాడలో కూతురి ఇంటికి వెళ్ళిందట అన్నా."

"ఆడ అగర్‌బత్తి ముట్టియ్యలేదా?"

కొడుక్కి ఫోన్ చేసి కనుక్కున్నాను. అది అగరొత్తులు మాన్పించకముందు సంగతి. అక్కడ పొద్దున రెండు, సాయంత్రం రెండు వెలిగించేదట. దగ్గు లేదు.

"మరి పొద్దుగాల ఆరున్నర కాడ్నుంచి రోజూ ఎర్రగున్నది సూడు. గప్పుడు ఏడ కూసుంటదామె?"

"పూజ అలమర ముందు. గంటసేపు."

"ఆ అల్మార్ల మిషన్ పెట్టి సూసినవా?"

నేను చాయ్ తాగుతూ ఉండిపోయాను.

"ఖాళీ గిలాస ఎంతసేపు తాగుతవ్?"

"చూడలేదన్నా."

"మరి టిక్కు?"

"పెట్టాను."

ఆయన తిట్టలేదు. గ్లాసు నా చేతిలోంచి తీసుకుని బండి మీద పెట్టాడు. "తప్పు జేసుడు పెద్ద సంగతి గాదు. నేను కట్టిన గోడలు ఎన్ని పగిలినయో నాకెరుక. గానీ నీ తప్పు పోయి డాక్టర్ ఫైల్ల కూసున్నది. గది పరేషాన్. ఇగ నువ్వే పోయి చెప్పాలె. నేనొస్త తియ్."

టీమ్ లీడ్ దగ్గరికి వెళ్ళాం. ఆయనది కర్నూలు. మా ప్రాంతంవాడు కదా, అర్థం చేసుకుంటాడనుకున్నాను.

"క్లోజైన కేసుని మనమే తెరిస్తే మన రికార్డు ఏం గావల్లప్పా? కస్టమర్ కంప్లైంట్ చేసినాడా? లేదు గదా. హ్యాపీగా ఉండాడు గదా?"

"ఆయన హ్యాపీగానే ఉన్నాడు సార్. ఆవిడే దగ్గుతోంది."

ఆయన తల కీబోర్డు వైపు తిప్పాడు. "శనివారం మీ ఇద్దరికీ సెలవు. మీటర్ ఏడికి పోయిందో నేను చూడలేదు" అన్నాడు. ఆఫీసుల్లో మంచితనం చాలాసార్లు ఇలాగే, తల పక్కకి తిప్పుకుని వస్తుంది. ఎవరైనా అలా తల తిప్పుకుంటే గుర్తుపెట్టుకోండి.

ఈసారి ఏ లోటూ ఉండకూడదని మూడు రోజుల ముందు నుంచే మాంసం మానేశాను. శనివారం తెల్లవారుతూనే నిజాంపేట హాస్టల్లో చన్నీళ్ళతో తలస్నానం చేశాను. ఏమీ తినకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే రూమ్మేట్, "పిల్ల ఏ ఊరు రా?" అని అడిగాడు. మణికొండ చేరేసరికి ఆ స్నానంలో సగం రోడ్డు దుమ్ము కిందకి పోయింది.

తలుపు దగ్గరే చెప్పేశాను. కొడుకూ కోడలూ పెద్దావిడా ముగ్గురూ ఉన్నారు. "ఆ రోజు నేను పూజ అలమర చూడలేదండి. చూసినట్టు రాశాను. ఆ రిపోర్టు తప్పు."

కొడుకు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండు నెలలు బ్రదర్. దాన్ని నమ్మి అమ్మ చేత అగరొత్తులు మాన్పించాను" అన్నాడు. అంతే. అరిచినా బాగుండేది.

పెద్దావిడ ముందుకొచ్చింది. "ఎందుకు చూడలేదు?"

"మీరు ముట్టుకోవద్దన్నారని..."

"నిన్ను ముట్టుకోవద్దన్నాను. నన్ను ముట్టుకోవద్దని ఎవరన్నారు? కాస్త తలుపు తీసి పటాలు జరపండమ్మా అని నోరు తెరిచి అడిగితే జరిపేదాన్ని కాదూ?"

ఆ సంగతి నాకు రెండు నెలల్లో ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఇవాళ తలస్నానం చేసి, ఉపవాసం ఉండి వచ్చానండి" అన్నాను, కనీసం దానికైనా మార్కులు పడతాయని.

"ఎవరు చెయ్యమన్నారయ్యా నిన్ను?" అని కోడలి వైపు తిరిగింది. "ముందు వీడికి రెండు ఇడ్లీ పెట్టవే. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో." మా సీనియర్‌ని మాత్రం ఏం తిన్నావని ఆవిడ అడగనే లేదు. ఆయన మొహంలోనే ఏదో ఉంది.

సీనియర్ ఫ్యాన్లన్నీ ఆపించి ఆవిడకి మాస్కిచ్చాడు. "అమ్మా, మీరు పటాలు మట్టుకే తియ్యండ్రి. ఎనక గుడ్డ నేను తీస్త. గప్పుడు మీరు ఈడ ఉండొద్దు, బాల్కనీలకు పోయి తలుపేసుకోండ్రి."

ఆవిడ ఒక్కో పటాన్నీ కళ్ళకద్దుకుని తీసి, డైనింగ్ టేబుల్ మీద కొత్త తువ్వాలు పరిచి వరసగా పెట్టింది. ఆఖరి పటం వెనక అట్ట ఉబ్బి ఉంది. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, బాల్కనీలోకి వెళ్ళిపోయింది. సీనియర్ వెల్వెట్ గుడ్డ మీద నీళ్ళు చిలకరించాడు, పొడి లేవకుండా. మెల్లగా మడుస్తూ కిందికి లాగాడు. మాస్కులోంచి కూడా వాసన తగిలింది. ప్లైవుడ్ మీద పైనుంచి కింది దాకా నల్లటి మచ్చలు, అంచుల్లో పచ్చగా. మీటర్ పెట్టగానే కుయ్యిమంది. ఆ ఇంట్లో అది నోరు తెరవడం అదే మొదటిసారి.

బూజు దొరికినంత మాత్రాన కేసు ముగియదు. నీళ్ళు ఎక్కడివి? చుట్టుపక్కల బాత్‌రూము లేదు, వంటగది లేదు. సీనియర్ గోడని వేళ్ళతో తట్టుకుంటూ పైకి పోయి, సీలింగ్ దగ్గర ఆగాడు. "మీద ఇంట్ల ఏసీ నీళ్ళ పైపు ఈ గోడ లోపల్నుంచే దిగుతున్నది."

పదో అంతస్తు తలుపు తీసిన అబ్బాయికి నడుం పైన ఫార్మల్ చొక్కా, కింద నిక్కరు. చెవుల్లో హెడ్‌ఫోన్లు. "చెప్పండి బ్రో, మ్యూట్‌లోనే ఉన్నా." అతను ఇంట్లోంచే పని చేస్తాడు, అమెరికా వేళలు, పగలూ రాత్రీ ఏసీ. సంగతి చెప్పగానే దారిచ్చాడు. ఏసీ పైపులో రంగునీళ్ళు పోసి కింద గోడలో వస్తాయేమో చూడాలి. రంగు సీసా తేవడం నా వంతు. తలస్నానం గుర్తుంది, ఉపవాసం గుర్తుంది, సీసా మాత్రం హాస్టల్లో ఉండిపోయింది.

బాల్కనీ తలుపు సందులోంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "పసుపు పనికొస్తుందా?"

పనికొచ్చింది. సీనియర్ పైన చెంబుతో నిలబడ్డాడు. నేను కింద టార్చ్ వేసుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గోడ ముందు కూర్చున్నాను.

"ఒకటో చెంబు పోసిన. వచ్చిందా?"

"లేదన్నా."

"రెండు. వచ్చిందా?"

"లేదు."

"జర ఆగు, తొందర పడకు. మూడు."

గోడ మీద సన్నగా పసుపు గీత దిగింది. "వచ్చిందన్నా!" అని అరిచాను. పైనుంచి ఫోన్‌లో ఆ అబ్బాయి గొంతు, "బ్రో మెల్లగా, అన్‌మ్యూట్ చేశాను" అంది.

పైపు బయట చివర పావురాలు పుల్లలూ ఈకలూ కుక్కి గూడు పెట్టుకున్నాయి. నీళ్ళు పోయే దారి లేక, గోడలోపల అతుకు దగ్గర కారుతున్నాయి. అంతా కలిపి ఇంతే కుట్ర. ఆ అబ్బాయి నిక్కరుతోనే కిందికొచ్చి గోడ చూసి తెల్లబోయాడు. "సారీ ఆంటీ, నాకస్సలు తెలీదు."

"నీకెలా తెలుస్తుంది నాయనా? నీళ్ళు నీ ఇంట్లో పడలేదుగా" అంది ఆవిడ. తర్వాత అతనికీ ఇడ్లీ పెట్టించింది.

సోమవారం కొత్త రిపోర్టు రాశాను. మొదటి వాక్యం: 'ఇంతకుముందు మేమిచ్చిన రిపోర్టు తప్పు.' టీమ్ లీడ్ అది రెండుసార్లు చదివి, నిట్టూర్చి, సంతకం చేశాడు. కొడుకు దాన్ని డాక్టర్‌కి చూపించాడు. మాత్రలు కొన్నాళ్ళు ఆపి చూద్దామన్నారాయన. అలమర ఊడదీసి, ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకుపోయారు. అపార్ట్‌మెంట్ వాళ్ళు పైపు అతుకు సరిచేయించి, చివర పావురాలు దూరకుండా జాలీ పెట్టించారు.

దగ్గు మర్నాటికల్లా మాయమైందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ వారాలు పట్టింది. షీటులో ఎరుపు పసుపైంది, పసుపు పలచబడింది. ఒకరోజు నుంచి కొడుకు గళ్ళు నింపడం మర్చిపోయాడు. మా కేసు గెలిచినట్టు నాకు తెలిసింది ఆ ఖాళీ గళ్ళు చూశాకే. స్టెరాయిడ్ మాత్రల అవసరం రాలేదు. అగరొత్తులు మాత్రం ఇకముందూ వద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడట. "గోడ దొరికిందిగా, మళ్ళీ వాటి మీద పడతారేం?" అని ఆవిడ నాతో వాదించింది. ఊపిరితిత్తుల సంగతి నాకు తెలియదండి, నాకు గోడలే తెలుసు అని తప్పించుకున్నాను.

ఆ నెలలోనే మా ఫారంలో మూడో గడి వచ్చింది. 'తెరవలేదు' అని. నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను లోకానికి ఇచ్చింది ఆ గడి ఒక్కటే. మీరు రోజూ దాని మీద వేలు పెడుతున్నారు. మొహమాటపడకుండా వాడండి. దాని పక్కనే ఇంకో పద్ధతి కూడా ఉంది, అది యాప్‌లో రాదు. ఇంటివాళ్ళనే తెరవమని అడగడం.

నా మీద కేకలెయ్యడానికి హక్కున్న కొడుకు వెయ్యలేదు. నన్ను ఒంటరిగా పంపించడానికి అవకాశమున్న సీనియర్ తన శనివారం నాకిచ్చాడు. రికార్డు కాపాడుకోవాల్సిన టీమ్ లీడ్ సంతకం పెట్టాడు. నా తప్పు వల్ల రెండు నెలలు అదనంగా దగ్గినావిడ నాకు ఇడ్లీ పెట్టింది. ఇంతమంది ఇంత తేలిగ్గా క్షమించేస్తే మనిషి బాగుపడకుండా ఉండటం చాలా కష్టం. నేను కొంతవరకు ప్రయత్నించాను కూడా.

ఆ శనివారం బయల్దేరుతుంటే దేవుళ్ళంతా డైనింగ్ టేబుల్ మీద, ఇంటిల్లిపాదీ ప్లేట్లు పట్టుకుని సోఫాలో. పెద్దావిడ తలుపు దాకా వచ్చి, "వీళ్ళని మళ్ళీ గోడకి ఎప్పుడు చేర్చను నాన్నా?" అని అడిగింది. ఏదైనా మంచి మాట చెప్పాలనిపించింది, గొంతు కూడా సవరించుకున్నాను. నోటికొచ్చింది మాత్రం గోడల సంగతే.

అంతగా తడిసిన గోడ ఆరడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది. ఈలోగా పుట్టీ పెట్టకూడదు. కొత్త అలమరని గోడకి రెండంగుళాల ఎడంగా బిగించాలి.